మేడ మీది ఎండ

వీధిలో అందరూ ఆవిడను లాండ్రీ అత్తయ్య అనేవారు. లాడ్జీల దుప్పట్లు, తలగడ గలీబులు ఉతికి ఇవ్వడం ఆవిడ పని. ఉతకడానికి మిషను ఉంది గానీ, ఆరబెట్టడానికి మేడ మీద కట్టిన తీగలే దిక్కు. అందుకే ఆవిడ చూపెప్పుడూ ఆకాశం మీదే. ఎండలు మండితే దుమ్ముగాలి లేస్తుందని భయం. చలికాలంలో పొద్దెక్కినా మంచు విడవదని చిరాకు. వానలు మొదలైతే ఇక తిన్నది ఒంటికి పట్టేది కాదు. ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసేది.

"ఉరిమినట్టుందా?"

"పక్కింటివాళ్లు బీరువా జరుపుతున్నారే, తిను" అనేవాడు భర్త.

కింది వాటాలో మరిది కుటుంబం. తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. పక్కన పెద్ద భవనం లేచి మేడ మీది ఎండను చాలావరకు మింగేసింది. మిగిలిన మూలలో తోడికోడలు పూలకుండీలు పెట్టింది. "నా దుప్పట్లకంటే నీ మొక్కలెక్కువా?" అని లాండ్రీ అత్తయ్య ఇంతెత్తున లేచింది. "ఎండేమైనా మీ పుట్టింటివాళ్లు పెట్టారా?" అంది చిన్నావిడ. అప్పటినుంచీ మెట్ల మీద ఎదురుపడితే చెరోవైపు తల తిప్పుకోవడమే.

ఆ ఏడు వానలు ఇంకా రాకముందే భర్తకు కడుపునొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లన్నారు. ఆపరేషన్ రోజు పొద్దున ఎండ ఫెళ్లున కాస్తుంటే, దుప్పట్లన్నీ ఆరేసి ఆయనతో ఆసుపత్రికి వెళ్లింది.

ఆయన్ను లోపలికి తీసుకెళ్లారు. వరండాలో ఒక్క కిటికీ లేదు. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. లోపల ఆయనెలా ఉన్నాడో తెలియదు, బయట ఆకాశమెలా ఉందో తెలియదు. ఎవరో గొడుగు దులుపుకుంటూ వచ్చారు.

"వానా?" అంది గాభరాగా.

"చినుకులేనండీ. మబ్బు మాత్రం బాగా పట్టింది."

మొగుడు కత్తి కింద ఉంటే దుప్పట్ల గోలేమిటని తన్ను తనే తిట్టుకుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. తోడికోడలికి ఫోన్ చేసింది.

"నేనే."

"తెలుసక్కా. బావగారెలా ఉన్నారు?"

"ఇంకా లోపలే ఉన్నారు. మబ్బు పట్టిందట..."

"మేడ మీదే ఉన్నాను. మీ దుప్పట్లే తీస్తున్నాను. ఫోన్ పెట్టెయ్యండి, చేతులు ఖాళీ లేవు!"

ఫోన్ పెట్టాక కళ్లనీళ్లు ఆగలేదు. డాక్టరు బయటికి రాకముందే నర్సు వచ్చి, ఆపరేషన్ బాగానే జరిగిందని చెప్పింది.

భర్త దగ్గర మరిదిని కూర్చోబెట్టి, సాయంత్రం జడివానలో ఇల్లు చేరింది. మెట్ల కింద దుప్పట్లన్నీ కుప్ప. తడివీ పొడివీ కలిపేసింది మహాతల్లి. ఒకదానికి కుండీ మట్టి కూడా అంటింది.

"ఇలాగేనా తియ్యడం? మళ్లీ ఉతకాలి కదే అన్నీ!"

"మీరు నేర్పితే కదా తెలిసేది!"

ఇద్దరూ గట్టిగానే అరుచుకున్నారు. అరుచుకుంటూనే కింది వాటా హాల్లో తాళ్లు కట్టి, ఫ్యాను వేసి, తడి దుప్పట్లు ఆరేశారు. తోడికోడలు వాటి మధ్య పీట వేసి అన్నం పెట్టింది. లాండ్రీ అత్తయ్య నాలుగు మెతుకులు తిని కిటికీ దగ్గరికి వెళ్లింది. వాన తగ్గలేదు.

"కూర్చోండక్కా, రేపటికి వెలుస్తుందిలే."

"కూర్చుంటాలే" అంది ఆవిడ, అక్కడే నిలబడి.