కాజాల పెద్దమ్మ దుంపలు

రోజూ పొద్దున్నే ఎడమచేతిలో పళ్లపొడి పోసుకుని పెద్దమ్మ ముందుగా పెరట్లోకి వెళుతుంది. కుడిచేత్తో ఒక్కో ఆకూ తిరగేసి కింది వైపు చూస్తుంది. పురుగు కనబడితే వేళ్ల మధ్య నలిపేసి, అదే వేలు నోట్లో పెట్టుకోబోతుంటే పెదనాన్న లోపల్నించి అంటాడు: "చెయ్యి కడుక్కోవే."

మా వీధిలో అందరికీ ఆమె కాజాల పెద్దమ్మ. దర్జీ దుకాణం వెనకగదిలో, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని ముప్ఫయ్యేళ్లుగా చొక్కాలకు కాజాలు కుడుతోంది. స్కేలు పెట్టి కొలిచినా అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పెరట్లో ఆమె వేసేది బంగాళాదుంపలు. వంకాయ రంగు తొక్క, లోపల పసుపు. వాళ్లమ్మ పోయే ముందు ఏడాది ఒక సంచిలో పోసి ఇచ్చినవి. ఏటా కోడిగుడ్డంత దుంపలు ఏరి, మంచం కింద ఇసుకలో దాచి, మళ్లీ అవే పాతేది. అలాంటిది కొన్నేళ్ల కిందట ఆకులు ముడుచుకోవడం మొదలైంది. దుంపలు గోలీకాయలంత అయిపోయాయి. అమ్మ దుంప తన చేతిలో అంతరించిపోతుందేమోనని ఆమెకు బెంగ పట్టుకుంది.

ఎరువుల కొట్టతను ముడుచుకున్న ఆకును వెలుతురులో పెట్టి చూశాడు.

"తెగులు దుంపలోకే చేరిందమ్మా. విత్తనం మార్చాలి."

"విత్తనం దాచే వేస్తున్నానయ్యా."

"మీరు దాచేది దుంప. అసలు విత్తనం కాయలో ఉంటుంది. తెగులు చాలామటుకు గింజలోకి దిగదు."

పూత రాలాక మొక్కలకు పచ్చి టమాటాల్లాంటి కాయలు అక్కడొకటి ఇక్కడొకటి వచ్చేవి. పక్కింటి టమాటా మొక్కల గాలి సోకి వస్తున్నాయనుకుని ఆమె ఏటా తుంచి పారేసేది. ఆ ఏడు మూడు కాయలు మెత్తబడేదాకా ఉంచింది.

"ఒకటి కొరికి చూడనా?" అన్నాడు పెదనాన్న.

"విషమట. కొరకండి, నాకూ కాస్త తీరిక దొరుకుతుంది."

కాయల్ని గ్లాసులో పిండి, నీళ్లు పోసి రెండు రోజులు ఉంచి, జిగురు పోయేలా కడిగి పళ్లెంలో ఆరబెట్టింది. గింజలు ఆవగింజకంటే చిన్నవి. ఇక దుంపలతో పనేముంది, అవి విత్తనం కావని కొట్టతనే అన్నాడు కదా అని, మంచం కింద మిగిలిన తొమ్మిదింటినీ ఆ ఆదివారం ఉడకబెట్టేసింది. పెదనాన్న ఉప్పు అద్దుకుని తిన్నాడు.

మరుసటి సీజనులో గింజల్ని గుండీల డబ్బా మూతల్లో మట్టి పోసి చల్లింది. దారప్పోగుల్లాంటి మొలకలు వచ్చాయి. ఏది దుంప మొక్కో, ఏది కలుపో తెలియక దేన్నీ పీకలేదు. చివరికి పద్నాలుగు మొక్కలు నేలకెక్కాయి. ఆకులు ముడుచుకోలేదు. పెద్దమ్మ నిశ్చింతగా ఉంది.

తవ్విన రోజు వసారాలో పాత పేపరు పరిచి పోసింది. ఒక మొక్కకు తెల్లవి, ఒకదానికి గులాబీవి, ఒకదానికి వేలంత పొడవైనవి. వంకాయ రంగువి రెండు మొక్కలకు వచ్చాయి. కోస్తే లోపల తెలుపు.

"వీటిలో అమ్మది ఏది?" అంది, అటువి ఇటు జరుపుతూ.

"తలా ఒక దుకాణంలో కుట్టించుకున్నట్టున్నాయే," అన్నాడు పెదనాన్న.

సంచి పట్టుకుని కొట్టుకు వెళ్లింది.

"విత్తనంలో కల్తీ ఉందయ్యా."

"నేనెక్కడిచ్చానమ్మా? కాయ మీదే కదా. దుంప పాతితే అదే మొక్క మళ్లీ లేస్తుంది. గింజ వేస్తే పిల్లలు పుడతాయి. పిల్లలన్నీ తల్లిలా ఉంటాయా?"

"అప్పుడు చెప్పలేదే?"

"తెగులు పోవాలన్నారు, పోయింది. రంగు సంగతి అడగలేదుగా."

"అంటే ఇన్నేళ్లూ నేను పాతింది మా అమ్మ పెట్టిన మొక్కేనా?"

"అదే."

"ఉడకబెట్టింది?"

కొట్టతను సంచి మూతి ముడివేసి ఇచ్చాడు. "అదీ అదేనమ్మా."

ఇంటికొచ్చి పెదనాన్నకు చెప్పింది.

"అయితే నేను తిన్నది..."

"అవును. తిన్నారు."

"ఉప్పు కాస్త తగ్గింది," అన్నాడు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వారం మగవాళ్ల చొక్కాలు రెండింటికి కాజాలు ఎడమవైపు బదులు కుడివైపు పట్టీకి కుట్టింది. దర్జీ మాస్టరు అవి తిప్పి పంపి, ఏమైందని అడిగాడు. "ఏ వైపో తోచలేదండీ," అంది.

ఒకరోజు నన్నూ అడిగింది. "పుస్తకాలు చదివావు కదే. పిల్లలుంటే అమ్మ ఉన్నట్టా, లేనట్టా?"

తెలియదన్నాను. "నీకూ తెలియదన్నమాట," అంటూ దుంపలు ఏరడం మొదలుపెట్టింది. ముందు వంకాయ రంగువి పక్కకు తీసింది. తర్వాత వాటిలో ఒకటి వెనక్కి పెట్టేసింది. గులాబీది చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పొద్దుగూకేసరికి ప్రతి మొక్క నుంచీ రెండేసి ఇసుకలోకి చేరాయి.

ఇప్పుడామెకు అరవై నాలుగేళ్లు. వాళ్ల పెరట్లో పదకొండు రకాల బంగాళాదుంపలు పండుతున్నాయి. వేటికీ పేర్లు లేవు.