దీవెనమ్మ దొంగాకు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీలకి మోకాళ్ళు వాస్తే ఆస్పత్రికి పోరు, గవరపాలెంలో దీవెనమ్మ ఇంటికి పోతారు. ఆవిడ ఆకు నూరి, ఆముదంలో వెచ్చచేసి, ప్రార్థన చేసి కట్టు కడుతుంది. వారం తిరిగేసరికి వాపు దిగుతుంది. ఆ ఆకేదో మాత్రం చచ్చినా చెప్పదు. చెబితే మందుకి పస పోతుందని వాళ్ళమ్మ బైబిలు మీద ప్రమాణం చేయించుకుని మరీ నేర్పింది.

ఆరా తీసేవాళ్ళ కళ్ళు కప్పడానికి ఆ తల్లే ఇంకో ఉపాయం కూడా చెప్పింది. రోలుగుంట కొండల్నించి తెచ్చిన అసలాకులో, పెరటి కంచెకి పాకిన బుడ్డకాకర ఆకు గుప్పెడు కలిపెయ్యడం. ఇంట్లో దాన్ని దొంగాకు అనేవారు. ఇంటివాళ్ళ కట్టులో అది వేసేవారు కారు. సొంత మోకాలి దగ్గర దాపరికమెందుకు? దీవెనమ్మ మాత్రం పదేళ్ళుగా కుంటుతూనే ఊరి మోకాళ్ళు బాగుచేస్తోంది. దేవుడు తనకి పెట్టిన పరీక్ష అని సరిపెట్టుకుంది.

2004లో చెల్లెలి కూతురు రోజలిన్ విశాఖలో మందుల మీద రీసెర్చిలో చేరింది. ఆ ఆకు ఇస్తే అందులో వాపు తగ్గించే పదార్థమేదో విడదీస్తానని వచ్చి కూర్చుంది. ఇస్తే ప్రమాణం పోతుంది, ఇవ్వకపోతే పిల్ల చదువు పోతుంది. దీవెనమ్మ ఆలోచించి ఆలోచించి, బస్తాడు దొంగాకు కోసిచ్చి ఇదే అసలుదంది. ఆదివారం చర్చిలో ఆ వాచిన మోకాళ్ళ మీదే కూర్చుని క్షమాపణ అడిగింది.

రెండేళ్ళకి రోజలిన్ స్వీట్లు పట్టుకొచ్చింది. ఆకు ఎండబెట్టి, సారం తీసి, దాన్ని పొడుగాటి గాజుగొట్టంలోంచి బొట్లుబొట్లుగా దింపి, చివరికి చిటికెడు తెల్లపొడి విడదీసిందట. పరీక్షకని వాపించిన ఎలకల పాదాలకి అది పట్టిస్తే వాపు సగానికి దిగిందట.

దీవెనమ్మకి తల కొట్టేసినట్టయింది. కంచె మీది పిచ్చితీగకే ఇంత పేరొస్తే తన అసలాకు గతేం కావాలి? రోషంలో ప్రమాణం గాలికి పోయింది. చేసిన మోసం ఒప్పేసుకుని, చూరులో దాచిన కొండాకు తెచ్చి పిల్ల ఒళ్ళో పోసింది.

"ఇది పెట్టి సూడే నీ ఎలకలకి. గెంతులేత్తాయి."

మూడు నెలలకి రోజలిన్ మళ్ళీ వచ్చింది, ఈసారి స్వీట్లు లేవు. మూడుసార్లు చేసి చూశారనీ, ఎలకల వాపు వాపుగానే ఉందనీ నసుగుతూ చెప్పింది.

దీవెనమ్మ తన మోకాలికేసి చాలాసేపు చూసుకుంది. దానికి ఏనాడూ దొంగాకు తగల్లేదు.

"మాయమ్మ మోకాళ్ళు లెగక మంచంలోనే పోయిందే," అంది. "నా సేత్తోనే కట్టేను. దొంగాకు ఒక్క రెబ్బ తగలకుండా, ఏరి ఏరి కట్టేను."

కాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని కంచె దగ్గరకెళ్ళి, మొదటిసారి తనకోసం గుప్పెడు కోసుకుంది. పదిహేను రోజులకి కుంటు పోయింది.

ఇప్పుడావిడ బుడ్డకాకర పేరు ఎవరి దగ్గరా ఎత్తదు. రోజలిన్ రీసెర్చి పుస్తకంలో ఉంది గానీ, అక్కడున్నది నోరు తిరగని లాటిన్ పేరు కాబట్టి భయం లేదు. ఇక కళ్ళు కప్పడానికి ఏదో ఒకటి కలపాలి కదా, కొండాకే కలుపుతోంది. దానికోసం ఇప్పటికీ రోలుగుంట బస్సెక్కుతుంది, కొండా ఎక్కుతుంది, కుంటకుండా.