వరుస తప్పిన రాయమల్లు

రాయమల్లుకు మనిషి కనబడితే చాలు, వరుస కలపందే వదిలేవాడు కాదు. ఊరేది, ఇంటిపేరేది, అమ్మమ్మగారిది ఏ ఊరు? ఈ మూడు ప్రశ్నలు దాటేలోపు మీరు ఆయనకు బావో, చిన్నాయనో, అల్లుడో అయి తీరాలి. కాకపోతే నాలుగో ప్రశ్న ఉండేది. ఐదో ప్రశ్నదాకా పోయినవాణ్ని ఆ బొగ్గుబాయి కాలనీలో ఎవరూ ఎరగరు.

ఆయన పని దీపాల గదిలో. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపం ఇవ్వాలి, ఎక్కి వచ్చాక తిరిగి తీసుకోవాలి. కొత్తవాడు ఒక్కడు వచ్చాడంటే బయట కట్టిన వరుస ఈ వరుసల మూలాన ఆగిపోయేది. పనివేళ కూత మోగుతుండేది. రాయమల్లు మాత్రం దీపం చేతిలో పట్టుకుని, "మీ మేనత్తను చొప్పదండి ఇచ్చిండ్రా, పెద్దపల్లి ఇచ్చిండ్రా? జర సోంచాయించి చెప్పు" అనేవాడు.

ఒకనాడు బెంగాలీ ఇంజనీరు ఒకాయన కోపంగా వచ్చి, ఇదేం తమాషా అని ఉర్దూలో గద్దించాడు.

"సాబ్, మీదే ఊరు?" అన్నాడు రాయమల్లు, అదే ఉర్దూలో.

"గంగ ఒడ్డున ఒక ఊరు. నీకెందుకు?"

గోదావరిని గంగ అనడం తప్ప వేరే పేరు తెలియని జిల్లాలో ఆ మాట అనకూడదు. రాయమల్లు ముఖం వెలిగిపోయింది. "మాది గూడ గంగ ఒడ్డే. ఒక్క నీళ్లు తాగినోళ్లం. నువ్వు నాకు తమ్మునివి" అన్నాడు. పాపం ఆ ఇంజనీరు తనది వేరే గంగ అని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. దసరాకు రాయమల్లు జమ్మి ఆకు పట్టుకుని తమ్ముడి బంగళాకు పోయి అలాయ్ బలాయ్ చేసుకుని మరీ వచ్చాడు.

దుర్గవ్వ కొత్త కోడలిగా కాలనీకి వచ్చిన రోజే ఆయన చేతికి చిక్కింది. "మీ ఆయన వెంకటి నాకు కొడుకు వరుస. మీ అత్త లింగవ్వ నాకు వదినె. గందుకని నువ్వు నాకు కోడలివి" అని తేల్చేశాడు. వరుస తేలాక దాని మర్యాద దానికి ఉంటుంది కదా. చేతిలో పుంటికూర కట్టతో వచ్చేవాడు, గుమ్మం బయటే నిలబడి దగ్గేవాడు, కట్ట గడప మీద పెట్టి పోయేవాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, వంచిన తల ఎత్తకుండా తీసుకునేది. ఎన్నడన్నా పండుగకు ఒక ముద్ద పెడితే అరుగు మీద కూర్చుని తినేవాడు. బాగుందనీ అనేవాడు కాదు, బాగలేదనీ అనేవాడు కాదు. మామ కదా!

దుర్గవ్వకు అమ్మా నాన్న లేరు. ఉన్నది ఒక్క అన్న, హనుమండ్లు, భైంసా అవతల గంగ ఒడ్డు పల్లెలో. పత్తి చేనులో పరిచయమైన వెంకటిని తనంతట తాను చేసుకున్నదని, "మాకు చెల్లె లేదు" అనేశాడు. దుర్గవ్వ ఏడ్చింది, ఊరుకుంది. వెంకటి ఉన్నన్నాళ్లూ ఆ లోటు అంతగా తెలియలేదు.

అరవై ఒకటో సంవత్సరం పుష్యమాసంలో బాయిలో కప్పు కూలింది. ఆ పొద్దు దీపాలన్నీ తిరిగి వచ్చాయి, వెంకటిది తప్ప. రాయమల్లు చేయి చాపి అట్లాగే నిలబడ్డాడు. ఆ రోజు ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

పదొద్దులనాడు భర్త పోయిన మనిషికి వాగులో తానం చేయించి కూర్చోబెడతారు. తడిబట్టల మీద మొదటి పొడిగుడ్డ తల్లిగారింటివాళ్లే కప్పాలి. నీ వెనక మనుషులున్నారు, నువ్వు గాలికి పోలేదు అని నలుగురిలో చెప్పే గుడ్డ అది. అది రాని ఆడదాన్ని జీవితమంతా దిక్కులేనిది అంటారు. దుర్గవ్వకు అదే దిగులు పట్టుకుంది. ఐదోనాడు రాయమల్లు గుమ్మం బయట దగ్గి, "ఫికర్ చెయ్యకు కోడలా, మీ అన్నను నేను పట్కస్త" అని భైంసా బస్సెక్కాడు.

పదోనాడు పొద్దు ఎక్కింది. దుర్గవ్వ తడిచీరతో ఇసుకలో వణుకుతూ కూర్చుంది. ఆడవాళ్లు బాట వైపు చూస్తున్నారు. ఆమె చూడటం మానేసింది.

చివరికి రాయమల్లు వచ్చాడు, ఒక్కడే. చంకలో చిన్న మూట.

"మీ అన్నను కలిసిన" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "రెండు దినాలు గాయిన గడపల కూసున్న. ఊరు, ఇంటిపేరు, అమ్మమ్మగారి ఊరు అన్నీ తిరగేసిన. గాయినతోని వరుస కలువలే. నా జన్మల గసుంటి మనిషిని చూడలే."

దుర్గవ్వ మోకాళ్లలో తల పెట్టుకుంది. రాయమల్లు మూట విప్పాడు. నీలంగళ్ల నేతచీర.

"ఆగు రాయమల్లు" అంది లింగవ్వ. కొడుకు పోయిన దుఃఖంలో ఆమె గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. "మామ కప్పితే చెల్లది. తల్లిగారోళ్లే కప్పాలె."

"బాపునయి కప్పుత."

"రెండేండ్లు కోడలా కోడలా అన్నవు. ఇయ్యాల బిడ్డెట్లయితది? వావివరుస లేదా నీకు?"

రాయమల్లును అంతకు మించిన తిట్టు తిట్టలేరు. ఆయన ఇసుకలో కూలబడ్డాడు.

"తప్పు చూసిన వదినె. వెంకటి ఇంటిపేరు పట్టుకొని ఆగమైన. ముందుగాల గంగను చూడాలె. ఈమెది గంగ ఒడ్డే, నాది గంగ ఒడ్డే."

"గంగ ఒడ్డయితే ఏమాయె?"

రాయమల్లు చీరను ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"పోలీసు చర్య అయిన మరుసటేడు మా ఊళ్లె గత్తర రోగమొచ్చింది. ముందు ఇద్దరు బిడ్డలు పోయిండ్రు. మూడోనాడు నా పెండ్లాం పోయింది. పాడె మోయనీకె నలుగురు రాలే, భయానికి అందరు తలుపులు పెట్టుకున్నరు. బాట మీదికి ఉరికి, పోయేటి ఎడ్లబండ్లోళ్లను ఆపిన. మీదే ఊరే అన్న. గంగ అవుతలి ఒడ్డన్నరు. అయితే మీరు నా తమ్ముండ్లే, జర దిగుండ్రి అన్న. దిగి మోసిండ్రు. వాళ్లెవలో నాకు ఇప్పటికీ తెల్వది. దేవుడు నన్ను ఇడిసిపెట్టలే, వరుస పెట్టి పంపిండు. మల్ల నేనెట్ల ఇడిసిపెడుత?"

పదేళ్లుగా ఆయన ప్రశ్నలకు వెనక చాటున నవ్వుకున్న కాలనీకి ఆ సంగతి ఆ పొద్దే తెలిసింది. లింగవ్వ వాగు దిక్కు చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మరి నేనేమైత నీకు?"

"ఇయ్యపురాలివి" అన్నాడు రాయమల్లు, తడుముకోకుండా.

పక్కన కూర్చున్న పొరుగింటి సత్తవ్వకు నవ్వు ఆగలేదు. ఆమెను చూసి మిగతావాళ్లు నవ్వారు, నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నారు. "కొడుకు పోయిన పదోనాడు నన్ను ఇయ్యపురాలిని జేసినవు గదయ్య" అని లింగవ్వ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

చీర భుజాల మీద పడగానే దుర్గవ్వ ఆయన చేయి పట్టుకుంది. పదిరోజులుగా ఆగిపోయిన ఏడుపంతా అప్పుడు బయటికి వచ్చింది. "బాపూ" అని ఒక్కటే మాట అని ఏడ్చింది.

మర్నాడు దీపాల గది దగ్గర పెద్ద పరేషాన్ వచ్చిపడింది. ఒక్క వరుస మారితే సగం కాలనీ మారింది. లింగవ్వ తమ్ముడు లచ్చయ్యను నిన్నటిదాకా బావ అని రోజూ వెక్కిరించేవాడు. "ఇయ్యపురాలు అక్క వరుస గద, ఇగ నువ్వు నాకు తమ్మునివే. ఎక్కిరిచ్చుడు బందు" అని దిగులుగా దీపం ఇచ్చాడు. కూత మోగుతూనే ఉంది. మరి నా సంగతేమిటని ఇంజనీరు అడిగాడట. "మీది గంగ వరుస సాబ్, దానికి మార్పు లేదు" అన్నాడట.

ఆ ఆదివారం పుంటికూర కట్టతో వచ్చి, అలవాటు కొద్దీ బయటే నిలబడి దగ్గాడు. దుర్గవ్వ అలవాటు కొద్దీ కొంగు కప్పుకోబోయింది.

"బాపు ముందట కొంగెందుకు బిడ్డా?" అంటూ, మొట్టమొదటిసారి గడప దాటి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఆమె అన్నం పెట్టింది. ఒక ముద్ద తిని ముఖం చిట్లించాడు.

"పప్పుల ఉప్పు లేదు."

"రెండేండ్ల సంది గిట్లనే వండుతున్న. ఎన్నడన్న అన్నవా?"

"మామకు మొగమాటముంటది. బాపుకెందుకుంటది?"

దుర్గవ్వ లేచి, గొణుక్కుంటూ, ఉప్పు చిప్ప తెచ్చి ఆయన ముందు ఠప్పున పెట్టింది.