పక్కింటి మెట్టు మీద మీగడ రంగు గీత

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా ఊళ్ళో ఎవరికైనా పూనకం వస్తే, ఓ బిందెడు నీళ్ళు నెత్తిన పొయ్యండి, అదే దిగుతుంది అనేదాన్ని. ఐదో తరగతితో బడి మానేశాను. పుస్తకాల్లో ఇలాంటివాటికి ఏం చెబుతారో తెలియదు. కళ్ళతో చూసింది మాత్రం రాస్తున్నాను.

2005 చలికాలంలో మా అమ్మాయి పద్మ దగ్గరికి, దుబాయ్ అవతల ఫుజైరా వెళ్ళాను. కాన్పు సెలవు అయిపోయి తను ఆఫీసుకు పోతోంది. మూడు నెలల పిల్లను చూసుకునే పని నాది.

ఒకే వరండా, రెండు వాటాలు. ఒక్కో గుమ్మానికి ఒక సిమెంటు మెట్టు. పక్క వాటాలో ఇంగ్లీషు దొరసాని ఒక్కతే ఉండేది. యాభై దాటిన మనిషి, స్కూల్లో టీచరు. వాళ్ళమ్మ ఇంగ్లండులో ఆసుపత్రిలో ఉంది. బడికి సెలవులివ్వగానే చూసి రావాలని టికెట్టు ముందుగానే చవగ్గా కొనిపెట్టుకుంది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

కొండలు పగలగొట్టే క్వారీల దుమ్ము తెల్లారేసరికి వరండా అంతా పరుచుకునేది. పొద్దున్నే లేచి ఊడ్చి, మా మెట్టు చెంబుడు నీళ్ళతో కడిగి, చిన్న ముగ్గు వేసేదాన్ని.

ఒకరోజు నాకంటే ముందే పక్క మెట్టు కడిగి ఉంది. ఇంకా తడి ఆరలేదు. అంచు పొడవునా రెండు వేళ్ళ వెడల్పున మీగడ రంగు గీత. చుట్టూ దుమ్ము ఉన్నది ఉన్నట్టే ఉంది. ఒక్క అడుగుజాడ లేదు.

మర్నాడూ అంతే. దొరసాని నన్ను చూసి నేర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఇంతలో ఆవిడే బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చింది.

"అమ్మా, రోజూ తన మెట్టు కూడా కడుగుతున్నావని థాంక్స్ చెప్తోంది" అంది పద్మ.

"నేనెందుకు కడుగుతానే? ఆవిడకి చేతుల్లేవా? ఆ మాటే చెప్పు."

పద్మ నవ్వుతూ ఇంకేదో చెప్పింది. వాచ్‌మన్ని పిలిచి అడిగితే, "అమ్మాజీ, నాది గేటు దాకే. ఖలాస్, అంతే" అని చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు దొరసాని వంగి ఆ గీతను చూసింది. ముఖం పాలిపోయింది. ఆవిడ చెప్పింది పద్మ నాకు తెలుగులో చెప్పింది.

వాళ్ళమ్మను పెంచింది ఆ తల్లికి అమ్మమ్మట. నూలు మిల్లులో కూలి. ఆ ఊళ్ళో ఇళ్ళన్నిటి మీదా మిల్లు మసి పడేదట. ఆడవాళ్ళు పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం మెట్టు తోమి, మెత్తటి రాయితో అంచుకు గీత పెట్టేవారట. ఆ రాయి పాతబట్టలవాడు ఇచ్చేవాడట, మన దగ్గర పాత చీరలకు స్టీలు గిన్నె ఇచ్చినట్టు. మెట్టు తోమని ఇల్లాలిని వీధంతా వెక్కిరించేదట.

"వెక్కిరించాల్సిందే" అన్నాను.

దొరల దేశంలోనూ మసిలో మోకాళ్ళు అరగదీసుకున్న ఆడవాళ్ళు ఉండేవారని అప్పుడే తెలిసింది. దొరసాని మాత్రం ఇవన్నీ తల్లి నోట వినడమే గానీ, ఆ రాయి ఎలా ఉంటుందో చూడలేదట.

ఎవరో వేళాకోళం చేస్తున్నారని నాకు పట్టుదల వచ్చింది. ఒక తెల్లవారుజామున తలుపు తీసుకుని కూర్చున్నాను. పిల్ల ఏడిస్తే లోపలికి వెళ్ళి ఎత్తుకుని వచ్చాను. అంతే. మెట్టు తడిగా ఉంది, గీత ఉంది. మా చిన్నప్పుడు బొగ్గింజను రైలు వెళ్ళిపోయాక స్టేషన్లో మిగిలే వాసన వేసింది. పిల్ల ఏడుపు ఆపి మెట్టు వైపే చూస్తోంది. పిల్లను గుండెకు హత్తుకుని తలుపు వేసేశాను.

తర్వాత ఒక పొద్దున మెట్టు మీద గీత లేదు. ఉన్నదల్లా దుమ్మే.

మాలో ఇంటిముందు ముగ్గు లేదంటే ఆ ఇంట చావు జరిగిందనే అర్థం. నేను మరో ఆలోచన లేకుండా దొరసాని తలుపు బాదాను. పద్మ పరుగెత్తుకొచ్చింది.

"వాళ్ళమ్మ దగ్గరికి ఇవాళే బయల్దేరమను" అన్నాను.

"ఊరుకో అమ్మా! వచ్చే వారం ఎలాగూ వెళ్తోందిగా."

"వచ్చే వారం దేనికే? ఇవాళే వెళ్ళమను."

దొరసాని ఆసుపత్రికి ఫోన్ చేసింది. బాగానే ఉంది, కంగారేం లేదన్నారట.

"చూశావా? ఇప్పుడు మారిస్తే పాత టికెట్టు డబ్బులు తిరిగి రావు."

"పోతే పోనీ అను."

పాల కవర్లు కడిగి ఆరబెట్టి దాచే నా నోట ఆ మాట విని పద్మ నోరు తెరిచింది. దొరసాని వెలవెలబోతున్న ఆ మెట్టును చాలాసేపు చూసింది. సాయంత్రం దుబాయ్ నుంచి విమానం ఎక్కింది.

తల్లి ఆవిడను గుర్తుపట్టిందట. చెయ్యి పట్టుకుని మాట్లాడిందట. ఆ తెల్లవారే పోయింది.

నెల తర్వాత దొరసాని తిరిగొచ్చి మా వంటింట్లో కూర్చుని చెప్పింది. నేను తలుపు బాదిన పొద్దునే వాళ్ళమ్మ నర్సును పిలిచి, "మా అమ్మమ్మ వచ్చింది, చేతులు తడిగా ఉన్నాయి, తువ్వాలు ఇవ్వండి" అందట. ముసలావిడ కలవరిస్తోందని నర్సు నవ్వుకుందట.

"ఇంతకీ తువ్వాలు ఇచ్చిందా లేదా, అడుగు" అన్నాను.

ఇచ్చిందట. మంచం పక్క కుర్చీ మీద వేసిందట. సాయంత్రం తీయబోతే అది తడిసి ఉందట.

పద్మ ఇప్పటికీ ఏవో కారణాలు చెబుతుంది. ఆ అమ్మమ్మ ఇంగ్లండులో తన మెట్టు వదిలి, ఫుజైరాలో అద్దె ఇంటి సిమెంటు మెట్టు దగ్గరికి ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేను.