నాలుగో కణుపు

ఆ ఆఫీసులో మా డేటాబేస్ సీనియర్‌ను అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఎదురుగా రెండు కంప్యూటర్ తెరలున్నా, ఆమె బొటనవేలితో వేళ్ల కణుపులు ముట్టుకుంటూనే లెక్కపెట్టేది. కొండాపూర్‌లో టీమ్ లంచ్‌కు బయల్దేరితే క్యాబు ఎక్కే మనుషుల్నీ అంతే. చిటికెనవేలి మీద మూడయ్యాక ఉంగరపు వేలికి వెళ్లేది.

డేటాబేస్ పట్టికలో వరుసలెన్నో ప్రతిసారీ లెక్కపెడితే పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. అందుకని ఆ అంకెను విడిగా దాచుకుంటాం. ఎవరైనా వరుస తీసేసి, అంకె తగ్గించడం మరిచారంటే ఆమెకు ఒళ్లు మండేది.

"దాచిన అంకెను నమ్మకు తమ్మీ. ఎవరున్నరో సూసి లెక్కవెట్టు" అనేది, వరుసలు కూడా మనుషులైనట్టు.

కొడుకు చనిపోయిన నెల రోజులకు ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఉద్యోగుల కోసం మేమే తయారుచేసిన ఆరోగ్య బీమా పేజీ తెరిచి, వాడి పేరు తీసేసింది. కింద మూడు పేర్లు మిగిలాయి. ఆమె, భర్త, కూతురు. పైన మాత్రం "కుటుంబ సభ్యులు: 4" అనే ఉంది.

ఆ అంకె తగ్గించే కోడ్ రాయడం మరిచింది నేనే.

"సారీ అక్కా, నా తప్పే. మిగతావాళ్లవి సరిచేస్తాను. మీది తర్వాత చూద్దామండి" అన్నాను.

ఆమె వేలితో ఆ అంకెను చూపించింది.

"గట్లెట్ల? అందరిది మళ్ల లెక్కవెట్టు. నాది గూడ."

లేచి నా కుర్చీ వెనక నిలబడింది. అందరి లెక్కా మళ్లీ వేసే ఆదేశం రాసి, నేను ఎంటర్ నొక్కాను. తెర మీద నాలుగు మూడయింది.

వెనక్కి తిరిగి చూశాను. ఆమె బొటనవేలు ఉంగరపు వేలి మీద, ఆ నాలుగో కణుపు దగ్గరే ఆగి ఉంది.