గుమ్మం మారిన బుల్లెట్

మా తాతయ్య శ్రీరామరాజు కాళ్ళకి బుల్లెట్ చెరో ఉద్యోగం ఇచ్చింది. ఎడమకాలికి బ్రేకు, కుడికాలికి గేర్లు. పాతకాలపు బుల్లెట్ తయారీయే అంత, తక్కిన బళ్ళన్నిటికీ తిరగేసి ఉంటుంది. పాతికేళ్ళపాటు ఆ కాళ్ళు సెలవు అడగకుండా, బదిలీ కోరకుండా అవే ఉద్యోగాలు చేశాయి. ఎంతగానంటే, భీమవరం బస్సులో ముందుసీట్లో కూర్చున్నప్పుడు రోడ్డు మీదికి గేదె వస్తే, డ్రైవరు కన్నా ముందు తాతయ్య ఎడమకాలు బస్సు నేలని తొక్కేసేది. బస్సు ఆగితే అది తన గొప్పే అనుకునేవాడు.

ఇంట్లో చంటిపిల్లల ముక్కు తుడిచి ఎరగని మనిషి, ఆ బండి ట్యాంకుని మాత్రం భుజం మీది కండువాతో తుడిచేవాడు. ఆ కండువానే మామ్మ రత్నమాణిక్యం ఉతకాలి. అందుకని ఆవిడకి ఆ బండి మీద సవతిపోరు లాంటిది ఉండేది.

తొంభైనాలుగు ప్రాంతంలో మొగల్తూరు వైపు వరిచేలు ఒకటొకటిగా రొయ్యల చెరువులవుతున్నాయి. తాతయ్యా, మామ్మ తమ్ముడు జగ్గరాజూ కలిసి కాలవకి అవతల ఒక చెరువు తవ్వించారు. దానికి దారి కాలవగట్టే. ఒకపక్క కాలవ, ఇంకోపక్క ఎవరెవరివో చెరువులు, నడుమ ఎడ్లబండి పట్టేంత బంకమట్టి. ఎండితే రాయి, తడిస్తే వెన్న. ఆ గట్టు కోసమనే జగ్గరాజు కొత్తగా హండ్రెడ్ సీసీ బండి కొన్నాడు. ఆయన ఇల్లు మా వీధిలోనే, మా గుమ్మానికి సరిగ్గా ఎదురు. ఇక సాయంత్రాలు మా అరుగు మీద వేరే మాట లేదు.

"మూడువందల యాభై సీసీ బండి గట్టు మీద ఎందుకండీ బావగారూ? ఏనుగునెక్కి చెరువుగట్టుకెళ్ళినట్టు!"

"ఏనుగు కాబట్టే జగ్గరాజుగారూ, ఎదురొచ్చినోడు పక్కకి తప్పుకుంటున్నాడు. మీది కూత పెడుతుంటే దోమనుకుని చెయ్యి ఊపుతున్నారండి."

"నా దోమ బురదలో పడితే ఒంటిచేత్తో లేపుతానండి. మీ ఏనుగు పడితే ఊరంతా రావాలి."

"పడితే కదండీ!"

పడనే పడింది. ఆ వేసవిలో ఒకరోజు మా వాకిట్లోనే స్టాండు జారి బుల్లెట్ ఒరిగింది. దాని కింద తాతయ్య మోకాలు. వాపు తీయడానికి మామ్మ వెచ్చని ఇసుక మూటతో కాపడం పెడుతూ, పెడుతూ, చివరికి తేల్చేసింది.

"ఇంకోసారి మీతో వాదించే ఓపిక లేదండి నాకు. ఈసారి ఆ గట్టు మీద గానీ ఇది దిగబడిందా, ఆ సాయంత్రానికి ఈ గుమ్మంలో ఉండకూడదు. మాటివ్వండి."

తాతయ్య మాటిచ్చాడు. దిగబడదన్న ధీమాతో ఇచ్చాడు. మామ్మకిచ్చిన మాట తప్పితే ఆ వారమంతా చప్పిడి కూరలేనని ఆయనకి తెలుసు. అంతకంటే, మాట తప్పడం ఆయనకి చేతకాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే రొయ్యపిల్లల వ్యాను వచ్చింది. తెల్లారకముందే రావలసింది, ఎక్కడో టైరు పంక్చరై పొద్దెక్కాక వచ్చింది. పైగా రాత్రి వాన కురిసింది. కాలవ వంతెన దగ్గర డ్రైవరు గట్టు వంక ఒకసారి చూసి ఇంజను ఆపేశాడు.

"నా వల్ల కాదండి."

వ్యానులో అట్టపెట్టెలు, పెట్టెల్లో ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు, సంచుల నీళ్ళలో వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు. ఎండ తగిలి నీళ్ళు వేడెక్కితే అవి సంచి అడుగున చేరి తెల్లబడిపోతాయి. అప్పుడు చెరువులో పోసినా ఒకటే, గట్టు మీద పారబోసినా ఒకటే. సూర్యుడు అప్పటికే తాటిచెట్ల తలలు దాటాడు.

జగ్గరాజు వెనక ఒక పెట్టె కట్టుకుని బయల్దేరాడు. చిన్నబండి బురదలో పాములా మెలికలు తిరుగుతూనే వెళ్ళింది, వచ్చింది. ఇంకో పెట్టె తీసుకుని మళ్ళీ వెళ్ళింది. వంతెన మీద నిలబడి తాతయ్య అది చూశాడు.

"పిచ్చుక గింజలు మోసినట్టు ఎన్నిసార్లు తిరుగుతారండీ ఆయన? ఈలోగా ఇక్కడున్నవి ఉడుకుతాయి. లోవరాజూ, మిగిలినవన్నీ కట్టు."

లోవరాజు చెరువు కాపలా మనిషి. నెత్తి నెరిసినవాడు, తాతయ్య మాటకి ఎదురు చెప్పనివాడు. "మూడు పెట్టెలండి, పైన నేనండి. బరువవుద్దేమోనండి," అన్నాడు.

"బరువుంటేనే ఇది నిలకడగా నడిచేది."

రెండు పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని లోవరాజు వెనక కూర్చున్నాడు. ఒకటి ట్యాంకు మీద తాతయ్య పొట్టకి ఆనింది. బుల్లెట్ డబ్ డబ్ మంటూ కదిలింది. నిజం చెప్పాలంటే బాగానే కదిలింది. మెత్తటి చోట్లు కూడా బరువుతో అణిచేసుకుంటూ, తొందరపడకుండా, పెళ్ళికెళ్ళే పెద్దమనిషిలా నడిచింది. తాతయ్య మీసం కింద నవ్వు కూడా మొదలైంది.

సగం దూరంలో తూము మరమ్మతు చేసి కొత్తమట్టి పోసిన చోటుంది. పైకి చూస్తే గట్టులాగే ఉంది. ముందుచక్రం దాటింది. వెనకచక్రం దాటలేదు. తాతయ్య యాక్సిలరేటరు పెంచేకొద్దీ అది తవ్వుకుంటూ తవ్వుకుంటూ కిందికి పోయింది. చివరికి ఇంజను మట్టికి ఆనుకుని, ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

తాతయ్య దిగలేదు. దిగితే దిగబడ్డట్టు ఒప్పుకున్నట్టే. ఎండ మెడ మీద చురుక్కుమంది. లోవరాజు పెట్టె మూత ఎత్తి, సంచి మీద వేలితో తట్టాడు.

"ఇంకా కదులుతున్నాయండి. కానీ మందకొడిగా ఉన్నాయండి."

ఎదురుగా ఖాళీ బండితో జగ్గరాజు వచ్చాడు. వచ్చి, బుల్లెట్ వంక చూడకుండా కాలవ వంక చూశాడు. మా వాళ్ళ మర్యాదలు అలాగే ఉంటాయి, ఎదుటివాడి పరువు పోయిన చోట చూపు పక్కకి తిప్పుకుంటారు.

"బావగారూ, ఇది మీరు తీసుకెళ్ళండి. పెట్టెలు పట్టుకుని లోవరాజు కూర్చుంటాడు. దీని సంగతి నేను చూస్తాను."

"నేనా? దాని మీదా?"

"ఒకసారికేనండి. ఎవరికీ చెప్పను."

తాతయ్య పెట్టెల వంక చూశాడు, బుల్లెట్ వంక చూశాడు, దిగాడు. చిన్నబండి ఎక్కితే కాళ్ళు రెండూ నేలకి పూర్తిగా ఆనాయి. అదే ఆయనకి అవమానంగా ఉంది.

"బ్రేకు కుడికాలండోయ్! గేరు ఎడమకాలు! ముందుకి నొక్కితే కింద గేరు!" వెనకనుంచి జగ్గరాజు అరుస్తూనే ఉన్నాడు.

చిన్నబండి కీచుమంటూ ఉరికింది. ముందుచక్రం ఎటు పడితే అటు జారుతోంది. తాతయ్య చేతులు కర్రల్లా బిగిసిపోయాయి. ఒక పెట్టె ట్యాంకు మీద ఆయన పొట్టకి ఆని ఉంది. వెనక లోవరాజు ఒక పెట్టె ఒళ్ళో, ఒక పెట్టె నెత్తి మీద పెట్టుకుని జపం మొదలెట్టాడు.

"కుడికాలండి... బ్రేకు కుడికాలండి... కుడి..."

"ఆయ్, తెలుసులేవో!"

తెలుసు తలకి. కాళ్ళకి ఎవరు చెప్పాలి?

చెరువు కనబడే మలుపులో గట్టు ఇంకా సన్నబడుతుంది. ఎడమన కాలవ, కుడిన నిండు చెరువు. మలుపు తిరిగేసరికి అడ్డంగా గేదె. దారికి అటునుంచి ఇటుదాకా అదే. నెమరేస్తూ వీళ్ళ వంక చూసింది, కదల్లేదు.

"కుడీ!" అని లోవరాజు కేక పెట్టాడు.

తాతయ్య ఎడమకాలు పాతికేళ్ళ సర్వీసునంతా కూడగట్టుకుని దబ్బున తొక్కింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడో గేరులో ఉన్న బండి రెండులోకి, ఒకటిలోకి పడింది. ఇంజను గొంతు చించుకుని అరిచింది. ఎవరో తోక పట్టుకుని వెనక్కి లాగినట్టు బండి నిలవరించుకుంది. గేదె ఆ అరుపుకి బెదిరి కాలవలోకి దూకింది. బండి దాని తోక ఊపిన గాలి తగిలేంత దగ్గరగా, వంకరగా, నిలబడి ఆగింది.

లోవరాజు నెత్తి మీది పెట్టె నెత్తి మీదే ఉంది.

"రాజుగారూ," అన్నాడు మెల్లగా, "కుడికాలు తొక్కుంటే చక్రం బిగిసిపోయి ఈపాటికి చెరువులో ఉందుమండి."

తాతయ్య తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియని చూపు అది.

చెరువు దగ్గర సంచుల్ని మూతి విప్పకుండానే నీళ్ళలో తేలేలా వేశారు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక వేడికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం. మొలలోతు నీళ్ళలో నిలబడి తాతయ్య సంచుల వంక చూస్తున్నాడు, చెవులు మాత్రం గట్టు వైపున్నాయి. ఎవరో కూలీల కేకలు వినబడ్డాయి. బుల్లెట్ని లేవదీస్తున్నారన్నమాట. తర్వాత టక్కుమని కిక్కు చప్పుడు, వెంటనే జగ్గరాజు "అమ్మో!" అని కేక.

"పిక్క మీద కొట్టింది," అన్నాడు తాతయ్య. "హెడ్‌లైటు మీది మీటరు ముల్లు నడిమికి తెచ్చుకోకుండా కిక్కు కొడితే వెనక్కి కొట్టదూ మరి!"

కాసేపటికి డబ్ డబ్ మొదలైంది. రెండు డబ్‌లకే ఆగిపోయింది. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది.

"గేరనుకుని ఎడమకాలు వేస్తున్నాడు లోవరాజూ. బ్రేకు పడిపోతోంది."

ఇంత కంగారులోనూ ఆయనకి నవ్వొచ్చింది. అప్పుడే లోవరాజు సంచి మూతి విప్పాడు. ముందు ఏమీ కదల్లేదు. తాతయ్య నవ్వు ఆగిపోయింది. తర్వాత సంచి అంచునుంచి సన్నటి నల్లదారాలు ఒకటి, పది, చెయ్యడ్డం పెట్టినా ఆగనన్ని, చెరువులోకి జారిపోయాయి. తాతయ్య ముఖం కడుక్కునే వంకతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మామ్మ అరుగు మీద ఉంది. ముందు కుంటుతూ జగ్గరాజు, వెనక తాతయ్య, ఇద్దరి మధ్యా బుల్లెట్, ఇంజనుదాకా బురద.

"దిగబడలేదండి అక్కయ్యా," అన్నాడు జగ్గరాజు, అడక్కముందే. "నేనే ఆపమన్నాను."

"ఇంజన్ని మట్టిలో పాతిపెట్టి ఆపమన్నావా?"

జగ్గరాజు కాలవ వైపు చూద్దామనుకున్నాడు గానీ అక్కడ కాలవ లేదు. మామ్మ తాతయ్య వంక తిరిగింది. ఆయన ఊఁ అంటే చాలు, తమ్ముడి సాక్ష్యం ఉండనే ఉంది. తాతయ్య కండువా తీసి ట్యాంకు మీది బురద ఒక్కసారి తుడిచాడు.

"దిగబడింది మాణిక్యం. పూర్తిగా." తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు.

మామ్మ గెలిచినట్టు కనబడలేదు. తాళంచెవి వంక చూస్తూ కూర్చుంది. చివరికి జగ్గరాజే గొంతు సవరించుకున్నాడు.

"అక్కయ్యా, ఒక్కమాటండి. మీరు అమ్మెయ్యమన్నారా, గుమ్మంలో ఉండకూడదన్నారా?"

"ఈ గుమ్మంలో ఉండకూడదన్నాను."

"ఈ గుమ్మం కదండీ. మా గుమ్మం గురించి మాట రాలేదు కదండీ."

మామ్మ తలెత్తి ఎదురిల్లు చూసింది. తమ్ముణ్ణి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు కనబడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అదే అనుమతి.

ఆ సాయంత్రమే బళ్ళు మారాయి. బుల్లెట్ వీధి దాటి ఎదురింటికి వెళ్ళింది, చిన్నబండి మా వాకిట్లోకి వచ్చింది. పోయిందనుకున్న డబ్ డబ్ మర్నాటినుంచి రోజూ పొద్దున్నే మామ్మ చెవులకి ఎదురుగా మోగేది, రెండు డబ్‌లకొకసారి ఆగిపోతూ. అది ఆగినప్పుడల్లా తాతయ్య కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదనుంచే అరిచేవాడు. "కుడికాలండీ జగ్గరాజుగారూ! గేరు కుడికాలు!"

ఆయనకి మాత్రం అరిచి చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది. చివరిదాకా చెరువుకి చిన్నబండి మీదే వెళ్ళొచ్చాడు. సాయంత్రం వీధి మలుపులో ఇంజను గొంతు చించుకుని అరిస్తే, మామ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేది. తాతయ్య ఎడమకాలితో బ్రేకు వేశాడన్నమాట.