ఏమీ కానివాళ్ళకు సెలవు

నేను చేసే పని ఏమిటో మా అత్తగారికి అర్థమయ్యేలా చెప్పడానికి చాలాకాలం పట్టింది. "ఇంతకీ ఎవరి కంపెనీలో చేస్తున్నావమ్మా?" అని అడిగేవారు. ఏ ఒక్కరి కంపెనీలోనూ కాదండీ, చాలామందికి చేస్తాను అంటే ఆవిడ మొహంలో అనుమానం కనిపించేది. పదిమందో ఇరవైమందో పనివాళ్ళున్న చిన్న వ్యాపారస్తులు హెచ్‌ఆర్ అని ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకోలేరు. ఆ పని బయటినుంచి నేను చేసిపెడతాను. మా ఇల్లు తెనాలిలో. బాపట్లలో ఒక బేకరీ, ఒక టైల్స్ కొట్టు, రేపల్లెలో ఎండుచేపల ప్యాకింగ్ షెడ్డు, తెనాలిలోనే ఇంకొన్ని కొట్లు నా చేతిలో ఉన్నాయి. వారానికోసారి ఒక్కో చోటికి వెళ్ళి, కొత్తగా చేరినవాళ్ళకు కాగితాలు రాసి, సెలవులు తేల్చి, తగాదాలు సర్ది వస్తాను.

యజమానుల దృష్టిలో నా ఉద్యోగం ఇంకా తేలిక. "మేడం, ఒకణ్ణి కాస్త తిట్టాలండి, ఎప్పుడొస్తారు?" అని ఫోన్ చేస్తారు. వాళ్ళు తిట్టలేరు పాపం. పనివాడు అన్నా అని పిలుస్తాడు, వాడి భార్య బాబాయిగారూ అంటుంది, ఇక నోరెలా లేస్తుంది? అందుకే నన్నెవరూ అక్కా అనకుండా మొదటిరోజే జాగ్రత్తపడతాను. నా నోరు పెద్దదని మా ఇంట్లోవాళ్ళ నుంచి రైల్లో టీ అమ్మే అతని దాకా అందరికీ తెలుసు. ఈ పనిలో నా పెట్టుబడి అదే.

రేపల్లె షెడ్డు యజమానికి నలభై ఏళ్ళు కూడా ఉండవు. వాళ్ళమ్మ గంప నెత్తిన పెట్టుకుని సంతల్లో ఎండుచేపలు అమ్మేదట. ఇతను అవే చేపలను శుభ్రం చేయించి, ప్యాకెట్లలో పెట్టి, పెద్ద ఊళ్ళ సూపర్ మార్కెట్లకు పంపిస్తాడు. పొడుగాటి బల్లల దగ్గర ఆడవాళ్ళు కూర్చుని నెత్తళ్ళకు తలలు తుంచుతూ, ఎండురొయ్యల్లోంచి చెత్త ఏరుతూ ఉంటారు. అక్కడ ఒక పూట కూర్చుని తెనాలి రైలెక్కితే, వేమూరు వచ్చేసరికి నా పక్క సీటు ఖాళీ అయిపోతుంది. మా వీధి పిల్లులు మాత్రం ఎదురొచ్చి ఇంటిదాకా దిగబెడతాయి. మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నాను.

అతను నన్ను పిలిచిందే సెలవుల గొడవ తేల్చమని. "మేడం, ఒక్కో మనిషికి ఎంతమంది బాబాయిలు ఉంటారండి?" అన్నాడు మొదటిరోజు. అతని బాధ నిజమే. మా వైపు ఎదురింటాయన బాబాయే, పాలుపోసేవాడూ బాబాయే, బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయనా బాబాయే. బాబాయికి బాగాలేదంటే అది అబద్ధమూ కాదు, కాదనడానికీ లేదు. నేను ఆలోచించి ఒక రూలు రాశాను. ఇంట్లో మనిషికి పెద్ద జబ్బు చేస్తే పక్కనుండి చూసుకోవడానికి జీతంతో సెలవు. ఇంట్లో మనిషంటే భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, అంతే. దరఖాస్తులో 'సంబంధం' అని ఒక గడి పెట్టాను. ఆ దెబ్బతో ఊళ్ళో బాబాయిలందరూ ఆరోగ్యవంతులైపోయారు. అబద్ధమెందుకు, నాకు చాలా గర్వంగా అనిపించింది. బాపట్ల బేకరీలోనూ అదే రూలు పెట్టించాను.

పోయిన వానాకాలం ఆర్డర్లు జోరుమీదున్న రోజుల్లో, బల్ల చివర కూర్చునే ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడదు. భర్త చనిపోయాడని, పదో తరగతి చదివే కూతురుందని, ఇల్లు ఈమె జీతం మీదే నడుస్తోందని మాత్రం నాకు తెలుసు.

"సెలవు కావాలండి. బాపట్ల ఆస్పత్రిలో ఆపరేషనండి, కడుపులో గడ్డ. పక్కన మనిషి ఉండాలంటున్నారు."

"ఎవరికి?"

"పిట్టలవానిపాలెంలో ఉంటదండి, ఆమెకి."

"ఆవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదండి."

"ఏమీ కాకపోతే నువ్వు వెళ్ళడమెందుకమ్మా?"

ఆమె వెనక్కి తిరిగి బల్లల వైపు చూసి, గొంతు తగ్గించింది. "మా ఆయన మొదటి భార్యండి."

నేను పెన్ను కింద పెట్టాను. ఆమె నిలబడే చెప్పబోతే కుర్చీ చూపించాను. ఆ భర్త నిజాంపట్నం రేవులో పడవ పనికి వెళ్ళేవాడు. మొదటి భార్యకు పిల్లలు కలగలేదు. అతను ఈమె దగ్గరికి వచ్చేశాడు. పెద్దావిడ కోర్టుకీ వెళ్ళలేదు, పెద్దమనుషుల్లోనూ పెట్టలేదు, నోరు మూసుకుని పుట్టింటి ఊరు పిట్టలవానిపాలెం వెళ్ళిపోయి పొలం పనులు చేసుకుని బతికింది. అతను జబ్బుచేసి పోయినప్పుడు ఆడవాళ్ళిద్దరూ శవం పక్కనే మొదటిసారి ఎదురుపడ్డారు. ఆ తర్వాత అప్పుడప్పుడూ పెద్దావిడ రేపల్లె వచ్చి, పిల్లను చూసి, చేతిలో జామకాయలు పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళేదట. ఇప్పుడు ఆమెకు నా అనేవాళ్ళు లేరు. పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెప్పారు.

"ఆవిణ్ణి ఏమని పిలుస్తావు?" అని అడిగాను.

"అక్కా అంటానండి."

"ఇంకేం మరి. అక్క అని రాసెయ్. తోబుట్టువుల కిందికి వస్తుంది, నేను సంతకం పెట్టేస్తాను."

ఎంతో తెలివైన దారి చూపించాననుకుని కాగితం ఆమె ముందుకు తోశాను. ఆమె దాన్ని మళ్ళీ నా వైపే జరిపింది.

"నోటితో అంటే అన్నానండి. రాయడం వేరు కదండీ. ఆమె మొగుణ్ణి తీసుకున్నా. ఇప్పుడు తోడబుట్టినదాన్నని కూడా రాసుకుని ఆమె మంచం కాడ కూర్చోమంటారా? ఆ మాట నాది కాదండి, రాసుకోడానికి."

"ఏం రాయమంటావు మరి?"

"ఉన్నదే రాయండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. ఉన్నది రాస్తే సెలవు రాదు సరికదా, షెడ్డంతా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ అందరికీ ఆమె భర్త పోయిన మనిషి, రేపట్నుంచి ఇంకో పేరు పెడతారు. ఆ మాటే చెప్పాను. "తెలిస్తే తెలిసిద్దిలెండి" అంది. సరే అని గడిలో 'భర్త మొదటి భార్య' అని రాసి, యజమాని గదిలోకి వెళ్ళాను.

అతను చదివి, చెవులు ఎర్రబడి, కాగితం బోర్లించి పెట్టాడు. "ఇది మన రూల్లో లేదు కదండీ మేడం."

"లేదు. అయినా ఇద్దాం."

"మీరే కదండీ, రూలంటే రూలే అన్నారు? ఈమెకిస్తే రేపు బాబాయిలందరూ మళ్ళీ మంచమెక్కుతారు. అవతల ఆర్డర్లు నెత్తిమీద కూర్చున్నాయి. తను రాకపోతే ఆ చోట్లో ఇంకొకళ్ళని పెట్టుకోవాల్సిందే. నాకు మాత్రం సరదా ఏంటండి?"

నేను గట్టిగా అరిచాను. అతను తిరిగి అరవలేదు. నా రూలునే నాకు నెమ్మదిగా, గౌరవంగా మళ్ళీ చదివి వినిపించాడు. చెడ్డవాడైతే నాలుగు దులిపి వచ్చేదాన్ని, కానీ అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆమె తలకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడతపెట్టి, బల్ల మీద తన చోట్లో పెట్టింది. మేము మాట్లాడుకున్నదంతా ఆమెకు వినబడే ఉంటుంది.

"పని పోతుందమ్మా" అన్నాను.

"తెలుసండి. వెళ్ళొస్తా" అని బస్సుకోసం వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రైల్లో ఒకాయన ముక్కు మూసుకుంటే అతనితో తగాదా పెట్టుకున్నాను. ఇంటికొచ్చినా మనసు మనసులో లేదు. ఇంట్లో మనిషి ఎవరో తేల్చి రాయడానికి నేనెవర్తిని అని ఒకసారి, అలా రాయకపోతే కొట్టు ఎలా నడుస్తుందని ఇంకోసారి నాలో నేనే వాదించుకున్నాను. మా ఆయన అన్నం వడ్డించుకుని తనే తినేశారు.

రెండురోజుల తర్వాత బాపట్ల బేకరీలో పని చూసుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులో పెద్దావిడ ఒక్కతే మంచం మీద ఉంది. పొడుగ్గా, ఎండిపోయిన మనిషి. మర్నాడు ఉదయం ఆపరేషన్. మందులు తేవడానికి రెండో ఆమె కిందికి వెళ్ళిందట. రేపల్లె షెడ్డు నుంచి వచ్చానని చెప్పాను.

"అది అక్కడే చేస్తదంటగా. సెలవిచ్చారా?"

"ఇవ్వలేదండి." అలవాటు కొద్దీ అడిగేశాను. "ఆమె మీకేమవుతుంది?"

"ఏమవుద్ది? నా కొంప కూల్చింది." పక్క మంచం వాళ్ళు ఇటు తిరిగినా ఆవిడ లెక్కచెయ్యలేదు. "నేను రమ్మనలా. వచ్చి కూర్చుంది. జడ వెయ్యడం కూడా చేతకాదు, జుట్టంతా పీకి పెట్టింది."

నేను వెనక్కి తిరగబోయాను. ఆవిడ నా చీర కొంగు పట్టుకుంది.

"నువ్వు వాళ్ళ ఆఫీసరువంటగా. దానికో మాట చెప్పమ్మా. నిన్న పొద్దుట్నుంచి ఏమీ తినలా. నా ఎదురుగా తినడానికి సిగ్గంట దానికి. నేను చెబితే వినదు, నువ్వు చెప్పు."

మెట్ల మీద ఆమె మందుల సంచితో ఎదురొచ్చింది. చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న హోటల్‌కు లాక్కెళ్ళి, ఇడ్లీ తెప్పించి, తినేదాకా వదలకుండా తిట్టాను. నా పెట్టుబడి ఆ రోజు పనికొచ్చినట్టు ఎన్నడూ పనికిరాలేదు. ఆమె ఏడుస్తూనే రెండో ప్లేటు కూడా తింది.

అక్కడినుంచే యజమానికి ఫోన్ చేశాను. ఈసారి అరవలేదు. పెద్దావిడ అన్న మాటలు, కొంప కూల్చిందన్నదీ, తినలేదన్నదీ, ఉన్నదున్నట్టు చెప్పాను.

"మేడం, నాకు ఇవ్వాలనే ఉందండి. కానీ రూలు లేకుండా ఒక్కళ్ళకిస్తే మిగిలినవాళ్ళకి ఏం సమాధానం చెప్పను? మీరు రూలు మార్చండి, ఈ నిమిషమే ఇస్తాను."

హోటల్ గుమ్మంలో నిలబడే రూలు మార్చాను. ఈ ఏడాదికి ఇప్పుడే, ఆ తర్వాత ప్రతి ఏడాది మొదట్లో, ఒక్కొక్కరూ ఒక్క మనిషి పేరు చెప్పాలి. ఎవరైనా సరే. ఏమవుతారని అడగం. ఆ మనిషికి జబ్బు చేస్తే సెలవు ఇస్తాం.

"ఒక్కళ్ళేనా? మధ్యలో మార్చడానికి లేదుగా?" అన్నాడు.

"లేదు."

"మరి బాబాయిలు?"

"ఒకళ్ళకి ఒక్క బాబాయే."

అతను నవ్వాడు. "ఆమె చోటు అట్టాగే ఉంచుతానని చెప్పండి. ఇప్పుడే రావద్దు, పెద్దావిడ లేచి తిరిగేదాకా చూసుకుని రమ్మనండి" అన్నాడు. మంచివాడే, అతనికి పట్టుకోవడానికి ఒక ఆధారం కావాలి, అంతే.

పై వారం షెడ్డులో పేర్లు రాసుకుంటుంటే నేనే ఆశ్చర్యపోయాను. అత్తతో రోజూ పోట్లాడే ఒకామె అత్త పేరే చెప్పింది. ఇంకొకామె చర్చిలో చిన్నప్పుడు తనకు పాటలు నేర్పిన ఒంటరి ముసలావిడ పేరు చెప్పింది. బాబాయి పేరు ఒక్కరూ చెప్పలేదు. బాపట్ల నుంచి తిరిగొచ్చాక బల్ల చివర కూర్చునే ఆమె పెద్దావిడ పేరు రాయించింది. కొన్నాళ్ళు బల్లల దగ్గర గుసగుసలు నడిచాయి. నేను ఒకరిద్దరిని దులిపాను, ఆ తర్వాత వాళ్ళకే విసుగొచ్చింది.

ఆపరేషన్ తర్వాత పెద్దావిడ వంగి నాట్లు వేయలేకపోయింది. చలికాలం మొదలయ్యాక ఒకరోజు నేను వెళ్ళేసరికి షెడ్డులో నా కుర్చీ ఎదురుగా కూర్చుని ఉంది. రొయ్యలు ఏరే పనికి యజమాని రమ్మన్నాడట. ఊరు, వయసు రాసుకున్నాను. ఎక్కడుంటున్నారని అడిగితే, "దాని ఇంట్లోనే. ఇంకెక్కడుంటా" అంది విసుగ్గా.

"మీకు సెలవు ఎవరికోసం కావాలో ఒక్క పేరు చెప్పండి."

"దాని పేరే రాయి. ఇంకెవరున్నారు నాకు?"

రాశాను. ఆవిడ కాగితం మీదికి వంగి చూసింది. చదువు రాదు, కానీ రాసింది చాలా తక్కువగా ఉందని తెలిసింది. "నాకేమవుద్దో రాయలేదేం?"

"ఇప్పుడు అది అడగడం లేదండి. తీసేశాం."

"ఆస్పత్రిలో అడిగావుగా."

ఆవిడ వేలు తెచ్చి ఆ పేరు పక్కన ఆనించింది.

"రాయి. చెల్లెలని రాయి."

గడి లేదు. పేరు పక్కన కాస్త జాగా ఉంటే అందులో ఇరికించి రాశాను. చదివి వినిపించమంది. నా కళ్ళు నిండిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా చదివాను, బల్ల చివరిదాకా వినబడేలా. నా నోరు పెద్దదని ముందే చెప్పానుగా.